వదిన ఎడమ, మరిది ఎడమ

గేటు దగ్గర రిజిస్టర్‌లో ఆవిడ రోజూ రాసే పేరు ఒకటుంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకదు. భవనం మొత్తానికి ఆవిడ వదిన. గేటు కాపలా ఆయన ఆవిడకంటే పదేళ్ళు పెద్ద, ఆయనకీ వదినే. పై అంతస్తులో తెరల ముందు కూర్చునే చదువుకున్న పిల్లలకీ వదినే. ఇదంతా ఆవిడ మరిది చలవ. రెండేళ్ళ కిందట వాడు పనిలో చేరి, మొదటి రోజే హాలు ఈ చివర నుంచి ఆ చివరకి "వదినా! వదినోయ్!" అని పెట్టిన కేకలకి, అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆవిణ్ణి ఏమని పిలిచేవాళ్ళో జనం మర్చేపోయారు.

ఆ భవనంలో మనుషులకంటే కంప్యూటర్లు ఎక్కువ. కింది అంతస్తంతా ఒకటే పెద్ద హాలు. కిటికీలు లేవు. ఉన్నది ఒకే తలుపు. లోపల మనిషిని మించిన ఎత్తున నల్ల బీరువాలు, వరసలు వరసలుగా. ఒక్కో బీరువాలో గూట్లో పళ్ళేలు సర్దినట్టు సర్వర్లు. బీరువాల ముందు వైపు సందులోకి చల్లగాలి వదులుతారు, వెనక వైపు సందులోకి వాటి వేడి ఊపిరి వస్తుంది. ఒకటి చల్లటి సందు, ఇంకోటి వేడి సందు. చల్లటి సందులో నేల తుడిచేటప్పుడు నాకు స్వెటర్ కావాలి, వేడి సందుకి వచ్చేసరికి అదే స్వెటర్ నడుముకి చుట్టుకోవాలి. రెండింటి మధ్యా బీరువా మందమే దూరం.

వదిన పని ఆ సర్వర్లకి తీగలు కలపడం.

"అదీ ఒక పనేనా? మా ఇంట్లో టీవీకి నేను కలపలేదూ?" అంటాడు గేటు కాపలా ఆయన.

"కలిపారులెండి అన్నయ్యగారూ. టీవీ పోతే మీరొక్కరే తిట్టుకుంటారు. ఇది పోతే ఊరంతా తిడుతుంది" అంటుంది వదిన.

ప్రతి సర్వర్‌కీ రెండు తీగలు. ప్రతి వరసకీ రెండు స్విచ్‌లు. స్విచ్ అంటే లైటు వేసే మీట కాదు. ట్రంకుపెట్టె మూతంత వెడల్పు ఉండే పల్చటి డబ్బా. దాని వీపు నిండా తీగలు దూర్చే కన్నాలు, పైన ఒక వరస, కింద ఒక వరస. సర్వర్ నోట్లోంచి ఏ మాట బయటికి రావాలన్నా, బయటి మాట దాని చెవిన పడాలన్నా, ఆ డబ్బా గుండానే పోవాలి. బీరువాల వరసకి ఈ చివర ఒక స్విచ్, ఆ చివర దాని జోడు. సర్వర్ తీగ ఒకటి ఈ చివరికి, రెండోది ఆ చివరికి. ఒక స్విచ్ చచ్చినా, లేదూ బాగుచేసుకోవడానికి మనమే ఆపినా, సర్వర్ రెండో తీగ మీద బతికేస్తుంది. బయటివాళ్ళకి తెలియను కూడా తెలియదు.

కొత్తగా చేరినవాళ్ళకి వదిన దీన్ని ఒక్క ముక్కలో చెప్తుంది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని పెద్దలన్నారు కదా. ఇక్కడ మాత్రం పెట్టాలి. పెట్టనివాడే మునుగుతాడు."

ఈ పనికి ముందు ఆవిడ దారం మిల్లులో చేసేది. కండె మీద దారం తెగితే, మిషన్ ఆపకుండానే తెగిన కొసని తిరుగుతున్న దారంలో కలిపే పని. చూపొక చోట, చెయ్యొక చోట. మిల్లు మూతపడేనాటికి ఆవిడకి ముప్పై మూడు. భర్త లారీ డ్రైవరు, నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే కాపురం. ఎవరో చెప్తే ఈ భవనానికి వచ్చింది. అప్పటి మేస్త్రీ పరీక్ష పెడతానని పాత తీగల చిక్కుముద్ద ఒకటి ముందు పడేసి, కాఫీ తాగడానికి పోయాడట. వచ్చేసరికి తీగలన్నీ పొడుగు వారీగా నేల మీద పరిచి ఉన్నాయి. "ఇందులో మూడు లోపల తెగిపోయినవి ఉన్నాయి, వాటిని పక్కన పెట్టాను" అందట. ఎలా తెలిసిందమ్మా అంటే, వంచినప్పుడు వేలికి తెలుస్తుంది అని జవాబు. ఆ రోజు నుంచి పనిలోనే ఉంది.

లావు పుస్తకాలు ఆవిడ చదవలేదు. అంకెలు వచ్చు, అవసరమైన నాలుగు మాటలు వచ్చు. నమ్మేది చేతినే. తీగ కలిపాక దాన్ని పట్టుకుని, నిచ్చెన జరుపుకుంటూ, రెండో కొస చేతికి తగిలేదాకా పోతుంది. పై అధికారికి ఈ పద్ధతి నచ్చి, తనిఖీ కాగితంలో ఒక వాక్యం చేర్పించాడు: 'తీగను చేత్తో పట్టుకుని చివరి వరకు చూశాను.' దాని కింద సంతకం. ఈ అధికారికి అందరూ పెట్టిన పేరు చీటీల సారు. పంపు దగ్గర నీళ్ళు కారుతున్నాయని చెప్పినా, చీటీ రాసివ్వమంటాడు మరి.

ఇక మరిది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. చేతి పని చెప్పనక్కర్లేదు, చక్కగా చేస్తాడు. తీగలు జడ అల్లినట్టు కడతాడు. నోరు కూడా మంచిదే, పనిచేసినంతసేపూ నవ్విస్తూనే ఉంటాడు. కొదవల్లా ఓపికకి. ఇంతకుముందు ఒక గిడ్డంగిలో చేసేవాడు. వచ్చిన పెట్టెలు విప్పి చూడకుండానే 'చూశాను' అని సంతకం పెట్టి, ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. దానికి ముందు లిఫ్టుల కంపెనీలోనూ ఇలాంటిదే ఏదో. వదినా, మరిదీ, తోడికోడలూ అందరూ ఒకే ఇంట్లో ఉంటారు, కింద రెండు గదులు, పైన ఒకటి. మగమనిషి ఎనిమిది నెలలు ఖాళీగా ఆ పైగదిలో కూర్చుని గోడల్ని చూస్తుంటే తోడికోడలు పడ్డ బాధ వదిన చూసింది. చూసి, చీటీల సారు దగ్గరికి వెళ్ళింది.

"వాడి పనికి నేను పూచీ సార్" అంది.

"గిడ్డంగి సంగతి నాకు తెలుసమ్మా. నీ మొహం చూసి తీసుకుంటున్నా. చూడకుండా ఒక్క సంతకం పెట్టాడంటే మాత్రం, గేటు అవతలే" అన్నాడు సారు. ఆ మాట మరిదిని నిలబెట్టి వాడి ఎదురుగా కూడా చెప్పాడు.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత ఏడో వరస వచ్చింది.

ఏడో వరస అంబులెన్సు వాళ్ళది. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తి, దగ్గర్లో ఉన్న బండిని పంపే గది ఒకటుంటుంది కదా, ఆ గది నడిచేది ఈ సర్వర్ల మీదే. పది బీరువాలు, నలభై సర్వర్లు, ఎనభై తీగలు. వదిన వేడి సందులో నిలబడి సర్వర్ల వైపు కొసలు దూర్చాలి. మరిది నిచ్చెనెక్కి, బీరువాల నెత్తిన ఉండే ఇనుప జాలి మీదుగా తీగల్ని చివరలకి లాక్కుపోయి స్విచ్‌లలో దూర్చాలి. వదిన ఎటు అని కేకేస్తే అటు.

పొద్దున పొట్టి తీగల పెట్టె ఒకటే వచ్చింది. ఏ సర్వర్‌కి ఏ చివర దగ్గరైతే, దాని పొట్టి తీగ ఆ చివరికి. అంటే సగం సర్వర్లవి ఎడమకి, సగం కుడికి. అవన్నీ స్విచ్‌లో పై వరస కన్నాల్లోకి. అప్పుడు మరిది కూడా వేడి సందులోనే ఉన్నాడు, వదిన పక్కనే. మధ్యాహ్నానికల్లా నలభై అయిపోయాయి. పై వరసకి మూత కూడా బిగించేశాడు.

భోజనాలయ్యాక పొడుగు తీగలు వచ్చాయి. ఇవి దూరపు చివరికి పోవాలి, కింది వరస కన్నాల్లోకి.

"వదినా, ఈ సందులో ఇంకో గంట ఉంటే నన్ను పళ్ళెంలో పెట్టి వడ్డించుకోవచ్చు. నేను అటువైపు నుంచి లాగుతా" అన్నాడు మరిది.

"పో, పో. నీ ఒంటికి నీడ పట్టున ఉండే ఉద్యోగం ఎక్కడుందో వెతుకుతా."

వాడు నిచ్చెన తీసుకుని చల్లటి సందులోకి వెళ్ళిపోయాడు. ఇక బీరువాల మీదుగా కేకలే. "ఇది కుడి!" అని వదిన. "కుడి!" అని మరిది. "ఇది ఎడమ!" "ఎడమే తల్లీ, ఎడమే!" సాయంత్రానికి ఎనభై తీగలూ కన్నాల్లో ఉన్నాయి. ఎనభై చోట్లా పచ్చ దీపాలు.

మర్నాడు వదినని ఎనిమిదో వరసకి పంపారు. ఏడో వరస తనిఖీ మరిది చేశాడు. సర్వర్ దగ్గర ఒక తీగ ఊడదీసి, రెండోది బతికుందా చూసి, మళ్ళీ పెట్టాడు. అలా నలభైకీ చేశాడు. పై అంతస్తు పిల్లల్ని ఫోన్లో అడిగితే, రెండు స్విచ్‌లకీ చెరో నలభై తీగలు, లెక్క సరిపోయింది అన్నారు. వాడు సంతకం పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక బుధవారం పొద్దున పదకొండింటికి ఏడో వరస స్విచ్‌లని ఒకదాని తర్వాత ఒకటి ఆపి, వాటిలో ఏదో కొత్తది ఎక్కించాలని పెట్టుకున్నారు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకి వదిన ఆరో వరస కోసం ఒక తీగ వెయ్యాల్సి వచ్చి, నన్ను కేకేసింది.

"అక్కా, కాస్త నిచ్చెన పట్టుకో. మా మరిదిగారు ఎక్కడో కబుర్లు చెప్తూ తెమలట్లేదు."

పట్టుకున్నాను. ఆవిడ పైకెక్కి, ఏడో వరస జాలి వైపు చూసి ఆగిపోయింది. ఆగి, చెయ్యి చాపి దేన్నో తడిమింది.

"ఏమైంది?" అన్నాను.

"పొడుగు తీగకి చుట్ట మిగిలింది."

"మిగిలితే మంచిదేగా. తక్కువైతే కదా బాధ?"

ఆవిడ అప్పటికే పక్క చుట్ట తడుముతోంది. తర్వాత అర్థమైంది నాకు. పొడుగు తీగని కొలిచి తెప్పించేది దూరపు చివరికి సరిగ్గా అందడానికి. మిగలకూడదు. మిగిలి, చుట్ట చుట్టి, నీటుగా కట్టి ఉందంటే, అది దూరం పోలేదన్నమాట. దగ్గరికే పోయింది.

ఆవిడ ఆ చుట్టలోంచి ఒక తీగ వేళ్ళ మధ్య పట్టుకుని, నిచ్చెన దిగి, జరిపి, మళ్ళీ ఎక్కి, అలా నాతో నాలుగుసార్లు నిచ్చెన జరిపించింది. తీగ ఎటు పోవాలో అటు పోలేదు. పొట్టి తీగ పోయిన చివరికే ఇదీ పోయింది. ఇంకోటి పట్టుకుంది. అదీ అంతే. ఆ సగంలో రెండు, ఈ సగంలో రెండు చూసింది. స్విచ్ దగ్గరికి వచ్చి పై వరస మూత విప్పింది. పైనా ఒకటి నుంచి ఇరవై నంబర్లే, కిందా ఒకటి నుంచి ఇరవై నంబర్లే.

కిందకి దిగి నిచ్చెన మెట్టు మీద కూర్చుంది. "అక్కా, నలభై మందికీ కాళ్ళు రెండూ ఒకే పడవలో ఉన్నాయి" అంది.

అప్పుడే మరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఏంటి వదినా, నిచ్చెన మీద కొలువు తీరావు?"

"ఆ రోజు మధ్యాహ్నం నేను కుడి అంటే నువ్వు ఎటు లాగావు?"

"కుడికే."

"ఎవరి కుడికి?"

"ఎవరి కుడి ఏంటి వదినా, నా కు..." అని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చల్లటి సందులో నిలబడ్డవాడి కుడి, వేడి సందులో నిలబడ్డ ఆవిడకి ఎడమ. పొద్దున పక్కపక్కన ఉన్నారు కాబట్టి ఒకటే ఎడమ, ఒకటే కుడి. మధ్యాహ్నం ఎదురెదురు. రోజంతా ఇద్దరూ ముందు వైపో, రోజంతా వెనక వైపో ఉంటే ఏ బాధా ఉండేది కాదు. పూటకో వైపు ఉండబట్టి వచ్చింది. అదీ సరిసమానంగా వచ్చింది, అటు నలభై ఇటు నలభై. అందుకే ఎవరికీ కనపడలేదు. తీగ ఒకటి ఊడదీస్తే రెండోది బతికే ఉంటుంది, రెండూ ఒకే స్విచ్‌లో ఉన్నా సరే. పదకొండింటికి స్విచ్ ఆపినప్పుడు మాత్రం ఇరవై సర్వర్లు ఒక్కసారిగా మూగబోతాయి. ఎవరి ఇంట్లోనో ఎవరో గుండె పట్టుకుని కూలబడితే, వాళ్ళ ఫోను మోగుతూనే ఉంటుంది.

"చేత్తో పట్టుకుని చూశావా?" అంది వదిన.

మరిది పచ్చ దీపాల వైపు చూశాడు.

"చూడలేదు కదూ?"

"అన్నీ పచ్చగా ఉన్నాయి వదినా." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పొద్దు. ఇంకా గంటంపావు ఉంది. మనిద్దరం గప్‌చుప్‌గా మార్చేద్దాం. ఇక్కడ ఉన్నది మన అక్కేగా."

"నలభై పొడుగు తీగలు, గంటంపావులో?"

"ఎన్నయితే అన్ని."

"సగం మార్చాక వాళ్ళు ఆపితే? మిగతా సగం సంగతేంటి? ఫోన్ చేసేవాడు ఏ సగంలో పడతాడో నువ్వు చెప్తావా?"

"ఈ ఉద్యోగం కూడా పోతే నేను ఇంటికి పోయి మీ చెల్లెలికి ఏం చెప్పాలి వదినా? మూడోసారి. ఆ సారు ఏమన్నాడో నీకు తెలుసు. నీ ఎదురుగానే కదా అన్నాడు."

వదిన మొహం తుడుచుకుంది.   లేచి, నిచ్చెన మడిచి గోడకి ఆనించింది.

"నేను చెప్తున్నాను. నా తప్పు నేను చెప్తా. సంతకం సంగతి అడిగితే అబద్ధం ఆడను."

"సొంత మరిదిని!" అన్నాడు వాడు. "బయటివాళ్ళు నయం."

"నయమే. బయటివాళ్ళకైతే నేను పూచీ ఉండేదాన్ని కాదు" అని ఆవిడ నడిచింది.

నేను చీపురు పట్టుకుని వెనకే వెళ్ళాను. సారు గది ముందు ఊడ్వాల్సింది ఎలాగూ ఉంది.

సారు చేతిలో పదకొండింటి పని చీటీ ఉంది. "ఏమ్మా, ఈ వేళప్పుడు?"

"స్విచ్‌లు ఆపించొద్దు సార్. ఏడో వరసలో పొట్టి తీగ ఎటు పోయిందో పొడుగుది కూడా అటే పోయింది. నలభై సర్వర్లకీ."

"తెర మీద అంతా బాగానే ఉందిగా?"

"లెక్క బాగుంది సార్. తీగలే తారుమారయ్యాయి. అటు పోవాల్సినవి ఇటు, ఇటు పోవాల్సినవి అటు."

"ఎలా?"

"ఎడమ, కుడి అని కేకలేసింది నేను. నేను వెనక, వాడు ముందు. ఎవరి ఎడమో నేను చెప్పలేదు. ఆ తప్పు నాది."

సారు కుర్చీలోంచి లేచాడు. గోడవైపు తిరిగి కుడిచెయ్యి ఎత్తాడు. మళ్ళీ ఇటు తిరిగి కుడిచెయ్యి ఎత్తాడు. వేరే రోజైతే నేను నవ్వి ఉందును. తర్వాత కూర్చుని సొరుగులోంచి తనిఖీ కాగితం తీశాడు.

"ఇక్కడ సంతకం..."

వదిన నోరు తెరిచింది. ఈలోపు గుమ్మం దగ్గర నుంచి "నాదే సార్" అని వినపడింది. మరిది వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో, నా పక్క నుంచే వచ్చినా నేను చూడలేదు.

"చేత్తో పట్టుకుని చివరిదాకా చూశానని రాసి ఉంది. చూశావా?"

"లేదు సార్. ఒక్కోటి ఊడదీసి చూశాను, రెండోది బతికుంది. చాలనుకున్నాను."

"చాలనుకున్నావు." సారు ఆ మాట కూడా ఒక చీటీ మీద రాసుకున్నాడు. "నీ సంగతి తర్వాత. ముందు ఇది ఎంతసేపట్లో మారుతుంది?"

"ఐదు గంటలు" అంది వదిన.

సారు పైకి ఫోన్ చేశాడు, అంబులెన్సు గదికి ఫోన్ చేశాడు. పదకొండు కాస్తా సాయంత్రం నాలుగయింది.

మార్చడం ఎలాగంటే, సర్వర్లు పనిచేస్తుండగానే మార్చాలి. జోడు తీగల సుఖం అదే. పొడుగు తీగ పీకినా పొట్టిది మోస్తుంది. ఈ చివర స్విచ్ నుంచి ఒకటి ఊడదీసి వెనక్కి లాగి ఆ చివరికి, ఆ చివర నుంచి ఒకటి ఈ చివరికి. మరిది నిచ్చెన మీద, వదిన కింద. పై అంతస్తులో ఒక పిల్ల తెర చూస్తూ ఫోన్లో ఉంది. ప్రతి తీగ పీకే ముందు నంబరు చెప్పాలి, ఆ పిల్ల సరే అనాలి. ఈసారి ఇద్దరూ ఒకే సందులో ఉన్నారు, వేడి సందులో. మరిది చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒక్క జోకు లేదు. నిచ్చెన పట్టుకోవడానికి నేనున్నాను కాబట్టి చెప్తున్నా, వాడు అంతసేపు మాట్లాడకుండా ఉండగలడని నాకు ఆ రోజే తెలిసింది.

పదమూడో నంబరు పీకగానే ఫోన్లో పిల్ల అరిచింది. "పోయింది! పదమూడు పోయింది!"

మరిది చేతిలో కొసని మళ్ళీ కన్నంలోకి తోశాడు. టక్కుమంది. "వచ్చింది, వచ్చింది" అంది పిల్ల. మధ్యలో పట్టుమని పది సెకన్లు కూడా లేవు. అంబులెన్సు గదిలో ఎవరికీ తెలియలేదట, పక్క సర్వర్లు ఆ కాస్త పని అందుకున్నాయట.

వదిన పదమూడో సర్వర్ దగ్గర పొట్టి తీగ కొస పట్టి చూసింది. బిగించే నాలిక విరిగిపోయి, తీగ వదులుగా వేలాడుతోంది. "తనిఖీ రోజున ఇది బాగానే ఉందా?" అంది.

"బాగానే ఉంది వదినా. ఊడదీసి పెట్టేటప్పుడు నేనే విరిచి ఉంటాను." ఎవరూ అడక్కుండానే అన్నాడు.

కొత్త పొట్టి తీగ వేసింది. అది పచ్చబడ్డాకే పొడుగుది పీకమంది. ఆ తర్వాత ప్రతి సర్వర్‌కీ పొట్టి తీగని ముందు వేలితో అదిమి చూసి, ఆ తర్వాతే నంబరు చెప్పింది. అందుకే ఐదు గంటలన్నది ఐదుంపావు అయింది. చుట్టలు ఒక్కటీ మిగల్లేదు. పొడుగు తీగలన్నీ కొలిచినట్టు సరిపోయాయి.

నాలుగింటికి ఒక స్విచ్ ఆపారు. సారు, వదిన, మరిది తలుపు దగ్గర నిలబడ్డారు. పై నుంచి పిల్ల లెక్కపెట్టింది. నలభైకి నలభై. అది మళ్ళీ లేచాక రెండోది ఆపారు. నలభైకి నలభై. సారు చీటీ మీద టిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. 

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. మరిది రోజూ వస్తున్నాడు, పనిచేస్తున్నాడు, గేటు దగ్గర లోపలికి పోయే కార్డు తీసుకునేటప్పుడు ఇవాళ ఇస్తారో లేదో అన్నట్టు చెయ్యి చాపుతున్నాడు. గేటు కాపలా ఆయన ఒకరోజు ఉండబట్టలేక "ఏమోయ్, ఎడమచేత్తో ఇవ్వనా, కుడిచేత్తో ఇవ్వనా?" అన్నాడు. వదిన ఆయన వైపు ఒక చూపు చూసింది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు పాపం.

ఇంట్లో తోడికోడలికి చెప్పారో లేదో అని నేను అడిగాను. "మొదటి రోజే నేనే చెప్పాను. గిడ్డంగి సంగతి పొరుగువాళ్ళ నోట విని ఏడ్చింది అప్పట్లో. ఈసారి అలా కాకూడదనుకున్నా" అంది వదిన. "ఏమంది?" అంటే, "ఏమంటుంది? అన్నం పెట్టి, మాట్లాడ్డం మానేసింది. నాతో కూడా."

సోమవారం పొద్దున సారు ఇద్దర్నీ పిలిచాడు. రెండు కాగితాలు ఉన్నాయి బల్ల మీద.

మొదటిది వదినకి. ఎటు అనేది స్పష్టంగా చెప్పనందుకు హెచ్చరిక. పదకొండేళ్ళలో ఆవిడ పేరు మీద మొదటి మచ్చ అది. ఆవిడ చదివి, "ఇక్కడేగా సార్?" అని అడిగి, సంతకం పెట్టింది.

రెండోది మరిదికి. సారు దాన్ని చేతికివ్వలేదు. "నిన్ను తీసెయ్యాలని రాసి చింపేశాను. ఎందుకో చెప్తా విను. ఆ రోజు గుమ్మంలో నుంచి నీ అంతట నువ్వు వచ్చి నాదే అన్నావు. పదమూడో నంబరు నేనే విరిచానన్నావట, పై పిల్ల ఫోన్లో వింది. అబద్ధం ఆడే మనిషివి కావు. చూడకుండా చూశాననే మనిషివి. రెండూ ఒకటి కాదు గానీ, రెండోదానికి కూడా ఇక్కడ చోటు లేదు."

"సార్."

"ఉద్యోగం ఉంటుంది. ఏడాదిపాటు ఏ కాగితం మీదా నీ సంతకం చెల్లదు. నువ్వు చేసిన ప్రతి పనీ ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఏడాది తర్వాత చూద్దాం."

మూడో కాగితం ఒకటి తలుపు మీద అంటించాడు. హాల్లో ఎడమ, కుడి అనే మాటలు వాడకూడదు. తలుపు వైపు, గోడ వైపు అనాలి. తలుపు ఒక్కటే కదా, ఎటు తిరిగి నిలబడ్డా అది ఉన్నచోటే ఉంటుంది. మేము కూడా అలవాటు పడిపోయాం. మొన్న బస్సులో కండక్టర్ కుడివైపు జరగమంటే, ఎవరి కుడి అని అడిగి తిట్లు తిన్నాను.

ఆ సాయంత్రం నేనూ వాళ్ళతోనే నడిచాను, మా ఇల్లూ ఆ సందులోనే. తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగు రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఉందా, పోయిందా? ముందు అది చెప్పండి."

"ఉంది" అన్నాడు మరిది. "సంతకం పోయింది."

"మీ సంతకం పోతే పీడా పోయింది. రెండు ఉద్యోగాలు దాని వల్లేగా పోయాయి." వదిన వైపు తిరిగింది. "అక్కా, ఇంక ఈయన పనికి సంతకం ఎవరు పెడతారు?"

"ఇంకెవరు? నేనే."

"అయితే నాకు నిద్ర పడుతుంది" అని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

మర్నాటి నుంచి తొమ్మిదో వరస మొదలైంది. మరిది తీగ పట్టుకుని చివరిదాకా వెళ్ళాడు, వచ్చాడు. "నాలుగో నంబరు గోడ వైపే పోయింది వదినా. చేత్తో చూసి వచ్చా."

"సరే, నిచ్చెన ఇలా తీసుకురా. నేనూ చూస్తా."

"నమ్మకం లేదా?"

"నువ్వు చెప్పింది నమ్మాను. సంతకం నాది కదా" అంది వదిన, నిచ్చెన ఎక్కుతూ.

వాడు నిచ్చెన కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.